ప్యాపిలికి ఒక టికెట్

పదకొండేళ్లు
గుత్తికి టికెట్ కొని ప్యాపిలిలో దిగినా.
"గు" గొంతులోంచి జారిపోతుంది,
"ప్యా" కాడ పెదాలు కుట్టేసినట్టు అతుక్కుంటాయి.
కండక్టరు చెయ్యి చాపి నిలబడి ఉంటాడు,
బస్సంతా నా నోట్లోకి చూస్తా ఉంటుంది.
గుత్తి అనేస్తా.
మా ఊరి పేరు పలకలేక
ముందరూరికి డబ్బులు కట్టినోణ్ణి.

అట్లాంటి లెక్కలు ఇంకా ఉండాయి.
ఉగ్గాని మీద పానం పీకుతా ఉంటే
ఇడ్లీ అడిగి, ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కున్నా.
పెండ్లిచూపుల్లో పేరడిగితే నీళ్లు తాగినా.
మా అన్న చెప్పినాడు, మద్దిలేటి అని.
కర్నూల్లో మోటార్ల వైండింగ్ పని పట్టినా,
రాగితీగెకు చుట్లు లెక్కపెట్టాల గానీ
మాట చెప్పాల్సిన పని లేదు.

అవ్వ వస అరగదీసి నాకించింది.
వాగుడు రాలేదు, వాంతి వచ్చింది.
తొలివానకు చేలల్లో వంగి
వజ్రాలు ఎతికే జనం మాదిరి
ప్రతి వాక్యం ముందర వంగి ఎతికినా,
ఏ మాట నున్నగుంది, ఏది గులకరాయి.

పెద్దాసుపత్రిలో, మెట్ల కింద గదిలో, పర్వీన్ మేడమ్:
"తగ్గించను మద్దిలేటీ. ఎక్కువ చేయిస్తా.
రానప్పుడు కూడా నత్తిని నువ్వే పిలువు.
దొంగ మాదిరి దూరేదాన్ని
చుట్టం మాదిరి పిలిస్తే ఏం చేస్తాదో చూద్దాం."

కోపమొచ్చింది.
కాలిన చోటే వాత పెట్టుకోమంటాదే అని.

ఆమె లేచింది. గేటు బయట దానిమ్మ బండి కాడ
"ద... ద... ద... దానిమ్మ కిలో ఎంత?" అనింది.
ఆమెకు నత్తి లేదు.
బండాయన తలెత్తి చూసి "నూటిరవై" అన్నాడు.
అంతే. మిన్ను ఇరిగి మీద పడలేదు.
ఆమె చెవులు మాత్రం ఎర్రబడినాయి.
అది చూసినాకనే నమ్మినా.

మొదట గోడకు చెప్పినా.
తర్వాత షాపులో కాలిపోయిన మోటారుకు.
తర్వాత ఒక రాంగ్ నంబరాయనకు,
"కా... కా... కాదు" అని, ఫోను పెట్టెయ్యకుండా.
ఆయన ఆగినాడు పాపం, చివరిదాకా.
టీ అనే మాట నాకెన్నడూ అడ్డం తిరగలేదు,
దాన్నే బంకు ముందర విరగ్గొట్టినా,
"ట్... ట్... టీ."
గ్లాసులు కడిగే పిల్లోడు నవ్వినాడు.
తగిలింది.
ఎక్కడ తగిలిందో తడుముకుంటే
గండుచీమ కుట్టినంత.
ఇన్నేండ్లు తేలనుకొని పరిగెత్తింది దీనికా?

కొన్ని దినాలు చేతకాలేదు.
బంకు దాకా పొయ్యి సందు మారి వచ్చేసినా.
పదిసార్లు చేసినానని మేడమ్‌కు అబద్ధం చెప్పినా.
ఆ అబద్ధం ఒక్కటి
ఏ తట్టూ తగలకుండా సాఫీగా వచ్చింది.

శనివారం, సాయంత్రం బస్సు.
"యాటికప్పా?"

రెండు "ప్"లు నేను కావాలని పెట్టినవి.
మూడోది నాది కాదు.
అదే వచ్చింది, పాతది, పెదాలు కుట్టుకొని.
తోసెయ్యలేదు. గుత్తి వైపు చూడలేదు.
రొంత జరిగి, దానికి నా పక్కన సీటిచ్చినా.
కండక్టరు కండ్లల్లోకే చూస్తా.
గేరు మారింది. ఎవరో దగ్గినారు.

"ప్... ప్... ప్... ప్యాపిలి."

మిషను కిర్రుమనింది.
ఎప్పుడూ ఇచ్చే డబ్బులే ఇచ్చినా,
ఆయన చిల్లర తిరిగిచ్చినాడు.
లెక్కపెట్టలేదు.
పిడికిట్లో పట్టుకొని డోన్ దాకా కూర్చున్నా,
నాణేలు చెమటకు తడిసేదాకా.