సగం మేక, సగం మరువం

కొవ్వంటె అంతా ఒక్కటే అనుకోకు, జెసింతా.
తొడ మీది కొవ్వు మెత్తగుంటది, ఎండ చూస్తె ఏడుస్తది.
తోలు కిందిది కూరలకే పనికొస్తది.
గుర్దాల సుట్టు గడ్డకట్టి ఉంటది సూడు,
సుద్దముక్క తీరు పొడిపొడి రాలేటిది,
అదే మనకు కావాలె.
ఆదివారం పొద్దుగూకినంక దర్గా కాజీపేటల
ఖైసర్ మియ దుకాణం కడిగే యాల్లకు పోతె
పైస అడగకుండ పాత పేపర్ల చుట్టి ఇస్తడు.
"ఏం జేస్తవ్ అత్తా, సబ్బా?" అంటడు ప్రతిసారి.
ప్రతిసారి "దీపం" అంటె
ప్రతిసారి నవ్వుతడు.

సన్నగ తరుగు. నెత్తురు చారలుంటె తీసెయ్.
గిన్నెల సగం నీళ్లు, పిడికెడు దొడ్డుప్పు.
మంట తగ్గించు. ఇంకా తగ్గించు.
తొందరపడ్డవా, మాడిన వాసన
మూడు వారాలు పరదాలను ఇడిసిపెట్టదు.
మొదటిసారి నేను తొందరపడ్డ.
రైల్వే క్వార్టర్లు లైను లైనంత తలుపులు తెరుసుకొని
"శౌరమ్మ, ఇయ్యాల దావతా?" అని అడిగిండ్రు.
పొయ్యి మీద దీపం ఉడుకుతున్నదని
ఎట్ల చెప్పాలె?

బట్టల వడగట్టు. రాత్రంత కదపకు.
తెల్లారి సూస్తె నీళ్ల మీద తెల్లటి బిళ్ల,
దాని అడుగున బూడిదరంగు మురికి.
గీకు. మళ్ల కరిగించు. మళ్ల గీకు.
మూడోసారికి మేక సగం పోతది.
సగమే.

ఒత్తికి పత్తి కొనకు.
ఎనుమాముల మార్కెట్ల బస్తాల కింద రాలింది
హమాలీ ఓదెలుకు చెప్తె సంచిల తెస్తడు.
గింజ తియ్యి, మూడు పోగులు జడ అల్లు,
ఉప్పునీళ్ల నానబెట్టి ఆరెయ్యి.

ఇగ వాసన సంగతి.
అత్తరు సీసాలు కొననోళ్లకు కొవ్వే చుట్టం.
ఏ పువ్వు పక్కన పెడితె ఆ పువ్వును తాగుతది.
తాంబాళంల పలుచగ పోసి
పేరుకున్నంక పూలు బోర్లేసి మూతపెట్టు.
బతుకమ్మ పోయినంక మిగిలిన తంగేడు ఏసి చూసిన.
పచ్చగ పండుకుంది, ఒక్క మాట మాట్లాడలె.
జాజులు రెండు రాత్రులకే కుళ్లినయి.
నిమ్మగడ్డి మరీ గట్టిగ మాట్లాడింది, చెవులు పగిలెటట్టు.
మరువం ఒక్కటే
మేక పక్కన కూసొని
మేకను ఎల్లగొట్టకుండ ముచ్చట పెట్టింది.
ఎనిమిది రోజులు, రోజుకింత కొత్త మరువం.
మేకను మరిపియ్యలేం బిడ్డా,
మందలిస్తం, గంతే.

అచ్చుకు మీ మామ తెచ్చిన పైపు ముక్కలున్నయి,
డీజిల్ షెడ్డుల పారేసినయి.
ఇరవై ఆరేండ్లు ఆ షెడ్డుల పనిచేసి
ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బు రుద్దినా
గోళ్ల సందుల గ్రీజు గ్రీజే.
పెండ్లయిన కొత్తల ముక్కు మూసుకునేదాన్ని.
ఇప్పుడు గూడ్సు బండి ఆగితె
ఆ పొగకు మొఖం అటే తిరుగుతది.

ఆత్మల పండుగనాడు సమాధుల తోటల
అందరివి తెల్లగ, సన్నగ, అంగట్ల మైనం.
నాది కొంచెం పసుపు, కొంచెం వంకర.
పక్క సమాధి ఇన్నారెడ్డి భార్య
గాలి పీల్చి "మరువమా?" అన్నది.
ఇంకోసారి పీల్చి
ఏం అనలె.

ఫాదరు దీవించిన నీళ్లు చల్లుకుంట పోయిండు.
గాలొచ్చింది, దీపం ఆరింది.
నేను అగ్గిపెట్టె తడుముకునే లోపట
గోడ దూకి ఓ నల్లకుక్క వచ్చి
పలక మీది పేరు కాడ కూసొని
దీపాన్ని నాకుడు మొదలువెట్టింది.
అదిలిద్దామని చెయ్యెత్తిన.

కూరల బొక్క దొరికితె
ముందు దాన్ని గడప అవతలికి ఇసిరేసి
అటెంక నోట్ల ముద్ద పెట్టుకునే మనిషి ఆయన.

చెయ్యి దించిన.

వచ్చే యాడాది ఇంకోటి ఎక్కువ పోద్దాం.
దానికి ఒత్తి అక్కర్లేదు.