ఒక అక్షరం తక్కువ

కాజీపేట, ఫాతిమానగర్, మూడో అంతస్తు.
రాత్రి పదకొండు.
దూరంగ గూడ్సు బండి ఒకటి సిగ్నల్ కోసం ఆగి
ఇంకా ఆగే ఉంది.
నా తెర మీద తబస్సుం పంపిన మార్పు గూడ
నాలుగు దినాల సంది అట్లనే నిలబడి ఉంది.

దర్గా కాజీపేట పిల్ల. ఇరవై ఏండ్లు.
"మేడం, భాష ఎప్పుడో మారింది, మనమే మారలే"
అని మొదటి వాక్యంలనే అన్నది.
నూట పద్నాలుగు వరుసలు తీసేసింది,
ముప్పై ఒకటి పెట్టింది.
తీసేసిన వాటిల్ల నా మాట ఒకటుంది:
"దీన్ని ముట్టుకోవద్దు. ఎందుకు పనిచేస్తుందో నాకే తెల్వది."
నేనది రాసిన్నాడు ఆమె రెండో తరగతి.

కొత్త భాషల ఎనమ్ అని ఒకటొచ్చింది.
పేరు వినంగనే నవ్వొచ్చింది నాకు,
మా ఎనుమాముల యార్డు యాదికొచ్చి.
అక్కడ బస్తా మీద చీటి లేకుంటే
తేజనో చపాటనో
దడువాయి ముక్కుతోని చెప్పాలె.
మా ఫ్రేమ్‌వర్క్ గూడ ఇన్నేండ్లు
వాసన చూసే నడిచింది.
ఎవలేం రాస్తే అదే రకం, అదే ధర.

ఉన్నయి ఐదే స్థితులు, అంటది తబస్సుం.
ఐదింటికీ చీటీలు కడదాం.
ఆరోది గేటు దాటొద్దు.

ఒప్పుకుందామనే కూసున్న.
ఐదూ రాసి పరీక్షలు నడిపిస్తే
ఆరోది గేటు కాడ నిలబడి ఉంది,
పెండింగ్ అనే మాటే,
నడుమ ఒక అక్షరం లేకుండ.

నేనే మింగిన ఆ అక్షరాన్ని,
ఏదో కరెంటు పోయొచ్చిన రాత్రి.
ఆ కుంటి మాటనే పట్టుకొని
ములుగుల ఒక మందుల గోదాము,
భూపాలపల్లి దిక్కు బడిపిల్లల హాజరు,
నేనెరుగని ఊర్లల్ల నేనెరుగని పట్టికలు
పన్నెండేండ్ల సంది నడుస్తున్నయి.
దిద్దితే వాళ్లది ఆగుతది.
దిద్దకుంటే నాది ఆగుతది.

కింది వాటాల మొగిలయ్య
సిగ్నల్ క్యాబిన్ల ముప్పై నాలుగేండ్లు చేసిండు.
నిద్ర రాదు ఆయనకు, పొద్దుమీద నాకు రాదు.
చాయ్ తాగుకుంట అడిగిన:
లీవర్లు తీసి బటన్లు పెట్టిన్నాడు
రైళ్లెట్ల ఆపిన్రు?
"ఎవలాపిన్రు?" అన్నడు.
"రెండు గంటలు బ్లాకిస్తరు. ఒక్క పాయింటు మారుస్తం.
బండి పంపిస్తం. మల్ల రెండు గంటలు.
పాత లీవరుకు తాళమేసినం, పీకలే."
మరెన్నడు పీకిన్రు?
"ఎవ్వలు దాని దిక్కు చూస్తలేరని
ఎరుకైనంక."

ఆ లీవరు పిడి ఒకటి వేలంల తుక్కు కింద కొన్నడట.
గాలికి తలుపు కొట్టుకోకుండ అడ్డం పెట్టిండు.
అరచేతులు తిన్న ఇనుము,
పట్టి చూస్తే వెన్నలెక్క నున్నగ.

మీదికొచ్చి తబస్సుంకు రాసిన:
ఆరోదాన్ని గూడ లోపలికి రానియ్యి.
ఎవలన్న వాడినప్పుడల్ల ఒక మాట చెప్పు,
తిట్టినట్టు కాదు,
"ఈ దారి రెండేండ్లల్ల మూస్తం, పక్క దారి ఇదిగో" అన్నట్టు.

"తప్పుకు గూడ పేరు పెట్టుమంటరా మేడం?"
పెట్టు.
పేరుంటెనే కద, ఎంతమంది పిలుస్తున్నరో లెక్క తెలిసేది.

కాసేపు జవాబు లేదు.
గూడ్సు బండి కదిలింది, కిటికీ ఊచలు సన్నగ వణికినయి.
తర్వాత పేరు వచ్చింది:
పాతలీవర్.
మొగిలయ్య సంగతి నేను చెప్పనేలేదు.
వాళ్ల నానా కూడా రైల్వేలనే చేసిండట.

తెల్లారుజామున మూడింటికి కలిపేసిన.
మూడుంబావుకు ఒక పరీక్ష ఎర్రగొచ్చింది.
వెతికితే, తబస్సుం వరుసలనే,
ఒక అక్షరం ఎక్కువ.

నేనేమనలే.
దిద్ది, పండుకున్న.