గంజు కింద

హన్మకొండ, నయీంనగర్ల ఐదంతస్తుల బిల్డింగు.
గోడకు ఒక్క తొర్ర పడొద్దన్నడు ఓనరు.
లిఫ్టు పక్క సందులకెల్లి
నీలం వైరు పైకి పాకిచ్చినం, నేనూ కొంరెల్లీ.

కింద నాలుగు గీతలు.
రెండో అంతస్తుల మూడు.
మూడో మెట్ల మలుపు కాడ
ఫోన్ల సక్రం తిరుగుతనే ఉన్నది.
నాలుగుల సప్పుడే లేదు.

స్లాబుల ఇనుము ఎక్కువైందని కొంరెల్లి,
నీళ్ల ట్యాంకి మింగుతున్నదని వాచ్‌మన్,
ఈశాన్యం మూల జరుపుమని ఓనరు.
ఆ అంతస్తు డబ్బ పెట్టిన ఇంటికేమో తాళం,
బుచ్చవ్వ యాములాడ పోయింది.

మూడోనాడు పొద్దుగూకంగ తలుపు తెరిసింది.
ఫ్రిజ్ మీద బోర్లించిన పెద్ద గంజు,
దాని కిందికెల్లి ఎలుక తోకోలె నీలం వైరు.

"రాత్రంత కన్ను కొడ్తనే ఉంటది కొడుకా,
దానికి మాత్రం నిద్ర వద్దా?
నేనే కప్పిన."

గంజు ఎత్తిన.
పై అంతస్తుల ఎవలో పోరడు
"అచ్చిందిరో!" అని ఒర్రిండు.

దీపాల మీద నల్ల టేపు అంటిచ్చిన.
బుచ్చవ్వ వంగి సూసి, "ఇగ పన్నదా?" అన్నది.
పన్నదన్న.

పైసలు రాసుకునే కాయిదం మీద
సంతకం ఏడ పెట్టాల్నో అడిగేటప్పుడు సుత
గొంతు తగ్గిచ్చే అడిగింది.