ఏడు కాళ్ల ఉత్తరం

బొటనవేలంత ఉక్కు డబ్బీ.
గాజు కాదు, వెలగదు,
లోపల ఏముందో పైకి చెప్పదు.
జెనవీవ్ వోయ్‌చిక్ గారు దాన్ని
బిస్కెట్ల రేకు పెట్టెలో, పాత గుండీల మధ్య పెట్టుకుని
హారిసన్‌లో మా వంటింటి బల్ల దాకా మోసుకొచ్చారు.
"మా అమ్మది. ఏమిటో చెప్పగలవా?
రేడియోలు బాగుచేసే అమ్మాయివి నువ్వేనటగా."

అమ్మాయినే. యాభై రెండేళ్లు.
మల్లేపల్లి ఐటీఐలో పట్టిన సోల్డరింగు ఇనుము
ఇంకా చల్లారనివ్వలేదు.

డబ్బీ ఒంటి మీద అచ్చు: ఆరు, ఎక్స్, ఆరు.
మూడు రాత్రులు వాల్వుల పట్టికలు తిరగేశాను.
ఆ పేరుతో ఉన్నది
దీనికి దూరపు చుట్టం కూడా కాదు.

మా ఆసుపత్రి ల్యాబులో తమారా
ఫోటో చూసి పకపకా నవ్వింది.
"అది ఎక్స్ కాదే తల్లీ, ఖ.
మాకు హ లేదు.
మీ హెచ్ మా గొంతులో పడితే ఖ అయిపోతుంది."

మనం ఒత్తు మింగేసి
ఖరాన్ని కరం చేస్తాం,
గాడిద కాస్తా చెయ్యి అయి కూర్చుంటుంది.
వాళ్లు ఒత్తు కలుపుకున్నారు, అంతే.
అంటే ఇది ఈ ఊరి వాల్వే,
లెనిన్‌గ్రాడ్‌లో మళ్లీ పుట్టింది.

జెనవీవ్ గారికి తెలిసింది కొంచెం.
మిగతాది నేను అల్లుకున్నాను, కాదనను.

ముప్పయ్యారు, చలికాలం.
ఇప్పుడు అపార్టుమెంట్లు లేచినవైపు
అప్పుడు వాల్వుల ఫ్యాక్టరీ.
గ్రిడ్లు చుట్టే వరుసలో స్టాసియా:
రెండు కడ్డీల చుట్టూ వెంట్రుకంత తీగ,
చుట్టుకీ చుట్టుకీ మధ్య
ఈగ కాలు దూరేంత ఎడం.
పెద్దవాళ్ల మధ్య ఒప్పందం కుదిరింది.
నక్షాలు, యంత్రాలు, నేర్చిన చేతుల ఒడుపు,
అన్నీ బేరంలోనివే.
నేర్చుకోను ఓడ దిగినవాళ్లలో ఒకత్తె క్లావ్డియా.
బూడిదరంగు టోపీ, ఒక్కటే జత బూట్లు.

స్టాసియాది పోలిష్, ఆమెది రష్యన్.
సగం మాటలు వియ్యమందుతాయి,
సగం కయ్యానికొస్తాయి.
తీగ బిగిసిందనుకో, స్టాసియా ఆమె మణికట్టు మీద
వేలితో రెండుసార్లు తట్టేది.
అదే పాఠం. అదే వ్యాకరణం.

వెళ్లేనాడు గేటు దగ్గర క్లావ్డియా అంది:
"జపోమ్ని."
రష్యన్‌లో, గుర్తుంచుకో.
స్టాసియా ఇంట్లో పలికే పోలిష్‌లో
ఆ మాటకే, మరిచిపో.

"అమ్మ ఆ సంగతి తలుచుకుని
చాలాకాలం మూతి ముడుచుకునేది," అన్నారు జెనవీవ్ గారు.
"అన్ని నెలలు చెయ్యి పట్టి నేర్పిస్తే
మరిచిపొమ్మంటుందా అని."

రెండేళ్లకు ఎవరో నావికుడు
చేతిరుమాల్లో చుట్టి ఇచ్చిపోయాడు దీన్ని.
చీటీ లేదు. ఊరూ పేరూ లేదు.
ఆ తర్వాత యుద్ధం. అక్కడ
ఇంటింటి రేడియోలూ సర్కారుకు అప్పజెప్పమన్నారట.
ఇంకో డబ్బీ రాలేదు.

నాకు మింగుడుపడనిది ఒకటుంది.
ఇది డయోడు. ఇందులో గ్రిడ్డే ఉండదు.
స్టాసియా నేర్పిన ఆ ఒక్క పని
ఈ డబ్బీలో ఎక్కడా లేదు.
జేబులో పట్టేది ఇదొక్కటేనేమో.
గ్రిడ్ల వరుస నుంచి తీసేశారేమో.
నేను ఊహించి ప్రయోజనం ఏముంది?

ఆదివారం, ఎనభై దాటిన ఓ అమెరికా రేడియో వెనక పలక విప్పాను.
ఎనిమిది కన్నాల సాకెట్టు, వాల్వుకి ఏడే కాళ్లు,
ఆరో చోటు పుట్టుకతోనే ఖాళీ.
గాడి చూసి నొక్కాను.
పుట్టింటి గడప తొక్కినట్టు కూర్చుంది.

వెలుగేం రాలేదు. వేలు ఆనిస్తే
టీ తాగేసిన కప్పంత వెచ్చన.
గరగర. ఈల. మళ్లీ గరగర.
ఆ తర్వాత ఒక మగ గొంతు, హడావిడిగా:
లింకన్ సొరంగంలో లారీ ఆగిపోయిందట,
నలభై నిమిషాలు ఆలస్యమట.

జెనవీవ్ గారు ఆ వార్త చివరిదాకా విన్నారు.
వాతావరణం కూడా విన్నారు.
నా మణికట్టు మీద రెండుసార్లు తట్టి
"సౌండు తగ్గించమ్మా, చాలా గట్టిగా ఉంది," అన్నారు.