కౌంటు

పొద్దంతా నా బొటనవేలికి మూడే మాటలు తెలుసు:
తల, పెంకు, నరం.
హార్బరు షెడ్డులో ఐసు నీళ్లలో నిలబడి
నలభై కౌంటు, అరవై కౌంటు.
ట్రే నిండితే టోకెను.
టోకెను పోతే ఆ ట్రే నేను వొలవనట్టే.

రాత్రి, జాలారిపేటలో,
కుట్టుమిషను బల్ల మీద గాజు తొట్టె.
మూల పగిలితే ఎమ్‌సీల్ పూసి ఇచ్చాడు తాతారావు.
పూర్ణా మార్కెట్ దగ్గర చేపల కొట్టు ఎత్తేస్తూ
నాకున్న ఆరువందల బాకీకి
పది ఎర్ర రొయ్యల్ని కవర్లో పోసి
"మంచినీటివి పిన్నీ, ఉప్పు తగలనీకు" అన్నాడు.

ఉప్పు తగలకుండా ఎలా, ఈ పేటలో?
తలుపు గడియ, బియ్యం డబ్బా మూత, మెడలో గొలుసు,
అన్నిటినీ నాకి పోతుంది గాలి.

రాగి బిందె వద్దన్నాడు. ప్లాస్టిక్ బకెట్లోనే
కుళాయి నీళ్లు పట్టి ఒక రోజు ఆరబెడతాను,
మందు వాసన పోయేదాకా.
నీళ్లలోంచి పోతుంది. నా చేతుల్లోంచి పోదు.
షెడ్డు గుమ్మంలో రోజుకి ఎనిమిదిసార్లు
క్లోరిన్ తొట్టెలో ముంచిన చేతులివి,
గోళ్ల చుట్టూ పొట్టు లేచినవి.
అందుకే నా తొట్టెలో నేను చెయ్యి పెట్టను.
నాచు సర్దాలన్నా, ఎండు బాదం ఆకు వెయ్యాలన్నా
పక్కింటి ఎల్లాజీని కేకేస్తాను.
వాడిది అయిదో క్లాసు. వేళ్లు సుద్దముక్క వాసన.

మూడో నెలలో పెద్దది
స్పాంజి వెనక దాక్కుంది.
తిండికి రాలేదు. పోయిందనుకున్నాను.
సెల్లు లైటు వేసి చూస్తే
పొట్ట కింద ఆవగింజలంత పచ్చటి గుత్తి.
ఒకటి, రెండు... పద్దెనిమిది దగ్గర అది తిరిగిపోయింది,
మళ్లీ మొదలు. ఇరవై మూడు.
సముద్రం రొయ్య లక్షల్లో వదిలేసి తన దారిన పోతుంది,
దానికి లెక్క అక్కర్లేదు.
ఇది మోస్తుంది.
పొట్టకింది చిన్నకాళ్లతో
విసురుతూనే ఉంది, విసురుతూనే ఉంది,
నిద్రపోదా ఇది?
నేనూ పోలేదనుకోండి.

కాసులమ్మ వచ్చి గాజుకి ముక్కు ఆనించి చూసింది.
"ఓలమ్మ, ఇయ్యి కిలోకి ఎన్ని తూగుతాయే?
కూరకి రావు, ఎరకి రావు,
ఏటికే నీకీ సాకిరీ?"
జవాబు చెప్పలేదు.
పొయ్యి మీద పాలకూర ఉడుకుతోంది, వాటికే.

ఇరవయ్యో రాత్రి గాలివానకి కరెంటు పోయింది.
బుడగల మోటారు ఆగింది.
ఇన్నాళ్లూ వినపడని దాని చప్పుడు
ఆగాక చెవిలో పడింది.
గరిటె కడిగాను, నాలుగుసార్లు కడిగాను.
ముంచడం, ఎత్తడం, పైనుంచి పొయ్యడం,
టీ కొట్టువాడిలా,
నీళ్లలో గాలి కలిసేలా.
కుడిచెయ్యి, ఎడమచెయ్యి, మూడయింది, నాలుగయింది.
బయట ఇసక మీదికి లాగిన పడవల్లో
టార్పాలిను టపటపా కొట్టుకుంటోంది.
షెడ్డులో నా అంత స్పీడు చెయ్యి లేదంటుంది
ఫిలోమినా మేస్త్రి.
ఆ రాత్రి చూడాల్సింది, ఎంత నెమ్మదో.

తెల్లారి అడుగున తెల్లటి ఒళ్లు.
గుండె జారింది.
కాదు, కుబుసం. ఇంకోటి విడిచింది,
మీసాలతో సహా విప్పి పెట్టి వెళ్లింది.
షెడ్డులో పెంకులు లారీ ఎక్కుతాయి.
ఇక్కడ ఎవరూ వొలవలేదు.
తీసెయ్యబోయిన ఎల్లాజీని ఆపాను. అవే తింటాయట, తాతారావు చెప్పాడు.

గుడ్లలో అప్పటికే నల్లచుక్కల్లా కళ్లు.
లక్ష్మివారం పొద్దున్న పొట్ట ఖాళీ.
ఎక్కడా ఏమీ లేదు.
ఎల్లాజీ భూతద్దం తెచ్చాడు.
బాదం ఆకు ఈనె మీద
కనురెప్ప వెంట్రుక ముక్కొకటి
నడిచింది.

గాజుకి ఇవతల, దానంతటదే, కదిలింది నా బొటనవేలు.
తల, ఉంది.
పెంకు, ఉంది.
వీపు మీద దారప్పోగంత నరం, అదీ ఉంది.

వాడు తొమ్మిదన్నాడు. నాకు పదకొండు.
వీధి చివర షెడ్డు వ్యాను హారను కొడుతోంది.
బడికెళ్లేదాకా లెక్కపెడుతూ ఉండరా, అన్నాను,
తప్పితే మళ్లీ మొదలెట్టు.
ఇక్కడ టోకెన్లు లేవు.