నల్ల గింజ

సిండో రేవులో మా ఆస్పత్రి ఒకే గది.
కిటికీ తెరిస్తే విక్టోరియా సరస్సు,
మూస్తే ఎండు చేపల వాసన.
గోడమీద ప్రమాదాల పట్టిక:
ఏ కలయికకు ఎంత అని, చుక్క తర్వాత సున్నాలు.
పదకొండేళ్లుగా చదివి వినిపిస్తున్నాను.
ఎవరూ రెండో సున్నా దాటి వినలేదు.

అందుకే డబ్బా.
పాలపొడి డబ్బాలో వెయ్యి తెల్ల చిక్కుడు గింజలు,
ఒకే ఒక్క నల్లది.
లెక్కపెట్టింది మా అబ్బాయి,
తొమ్మిది వందల డెబ్బై దగ్గర నిద్రపోయాడు.
మిగతాది నా నమ్మకం.

అపొండి మంగళవారం వచ్చింది,
చేతులకింకా ఒమేనా పొలుసులు మెరుస్తూ.
"కళ్లు మూసుకుని ఒకటి తియ్యి" అన్నాను.
తెల్లది.
మళ్లీ తెల్లది.
నవ్వింది. "వెయ్యిలో ఒకటా?
సరస్సు మింగేవాళ్లే ఇంతకంటే ఎక్కువ."

నవ్వు ఆగాక, పట్టికలో లేని ప్రశ్న:
"తీసిన గింజని మళ్లీ డబ్బాలో వేస్తావా?"

వేస్తాను, అపొండీ.
ప్రతిసారీ వేస్తాను.
నిన్న బయటపడ్డావని డబ్బాకి గుర్తుండదు.
నిన్న తెల్లది వచ్చిందని
ఈరోజు నల్లది మొహమాటపడదు.
మొదటి రాత్రే రావచ్చు,
జుట్టు నెరిసేదాకా రాకపోనూవచ్చు.

"నల్లది ఒక్కటేనని ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. అది సగటు.
సగటు మగాడితో ఎవరూ పడుకోరు.
అతనికి కొత్తగా సోకి ఉంటే,
పరీక్షకింకా పట్టుబడని తొలి వారాలైతే,
పిడికెడు నల్లవి వేసుకో.
ఇద్దరిలో ఎవరికి పుండున్నా మరికొన్ని.
వెనక దారైతే ఇంకా ఎక్కువ.
తొడుగుంటే చాలామటుకు ఏరేసినట్టే.
అతనికి తన సంగతి తెలిసి, రోజూ మందు మింగి,
రక్తంలో వైరస్ కొలతకందనంతగా అణిగి, అలాగే నిలిస్తే
నల్లది ఒక్కటీ లేదు.
సున్నా. వెనక చుక్క లేని సున్నా.

"ఒబియెరో పరీక్ష చేయించుకోడు."

పడవ ఒబియెరోది. చేప ఒబియెరోది.
తెల్లారగట్ల బేసిన్లు పట్టుకుని నిలబడ్డ ఇరవైమందిలో
ఎవరిది నిండాలో
వల కాదు, ముందు రాత్రి చెబుతుంది.
"తొడుగంటే, వేరే బేసిన్ చూసుకుంటానంటాడు.
నీ డబ్బాలో నా బేసిన్ ఎక్కడుంది, సిస్టర్?"

లేదు.
పదకొండేళ్లలో నేనెప్పుడూ పెట్టలేదు.

సొరుగు లాగి ఇంకో డబ్బా తీశాను,
చిన్నది, గలగలలాడేది.
ఇది నువ్వు మింగేది. రోజుకొకటి.
ఒబియెరోని అడగక్కర్లేదు.
మానకుండా వేసుకుంటే నల్లవాటిని దాదాపు తుడిచేస్తుంది.
గర్భాన్ని ఆపదు. మిగతా సుఖరోగాల్ని ఆపదు.
బేసిన్ నింపదు.
ముందు పరీక్ష. నెలకి మళ్లీ. తర్వాత మూడేసి నెలలకి.

వేలు చాచింది.
పదిహేను నిమిషాలు.
ఎన్ని గీతలు రావాలని ఆమె అడగలేదు,
నేను గడియారాన్నే చూశాను.
ఒకటే గీత.

ఏడుస్తుందనుకున్నాను.
మాత్రల డబ్బాలో దూది కుక్కమంది.
"మా గోడలు పల్చన. చప్పుడు కాకూడదు."
కుక్కాను. ఊపి చూసింది. ఇంకాస్త కుక్కాను.

వెళ్లాక గింజలు సర్దుతుంటే నల్లది కనబడలేదు.
బల్ల కింద వెతికాను, నా చెప్పుల్లో వెతికాను.
పట్టుకెళ్లినట్టుంది.
రేపు సంతలో ఇంకోటి కొనాలి,
అది లేని డబ్బా అబద్ధం చెబుతుంది.

చీకటి పడ్డాక సరస్సు మీద ఒమేనా పడవల దీపాలు.
వెయ్యి ఉంటాయేమో.
వాటిలో ఒబియెరోది ఏదో
ఒడ్డునుంచి తెలియదు.