గేజీ పుస్తకం

డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి
గుడిలో వాగ్దానం కార్డు తీసి జేబులో పెట్టుకుని
రేపు లగాయితు తెల్లారుజాము నాలుక్కి లేస్తానని
అయ్యగారి ముందు చెయ్యెత్తాను.
ఎత్తినవాళ్ళం ముప్పై మందిమి.
జనవరి పదికి ఎందరు మిగిలామో
దేవుడు లెక్కపెట్టుకున్నాడేమో, నేను పెట్టలేదు.

మొదటి రోజు బైబిలు మీదే నిద్రపోయాను.
నూటపందొమ్మిదో కీర్తన
నా గడ్డం కింద నలిగిపోయింది.
రెండో రోజు దోమలు.
మూడో రోజు, మధ్యలో చెరువు కౌలు బాకీ గుర్తొచ్చి
ఆమెన్ అనకుండానే లేచి లెక్కలు వేశాను.
నాలుగో రోజు బాగా కుదిరింది.
అందుకే ఐదో రోజు లేవలేదు.

మా అత్త సువార్తమ్మ బోసినోటితో నవ్వింది.
"లాకుల దగ్గర గేజీ ఎప్పుడు రాస్తావు అబ్బాయీ?"
పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి, అన్నాను.
"ఒంట్లో బాగుంటేనా?"
బాగోపోయినా రాయాలి కదా, జీతమిస్తున్నారు.
"ఊఁ" అంది.
మళ్ళీ తాటాకు బుట్ట అల్లికలో పడింది.
ఆవిడ ప్రసంగాలు అంతకంటే పొడుగుండవు.

ఇరవై రెండేళ్ళ లస్కరు ఉద్యోగం నాది.
ధవళేశ్వరంలో వదిలిన నీరు
మా లాకుల దాకా వచ్చేసరికి ఎంత మిగిలిందో
గోడ మీద గీతలు చూసి రాయడమే పని.
తుపాను రాత్రి, కొబ్బరిచెట్లు అడ్డంగా కూలిన దారిలో
సైకిలు భుజానేసుకుని వెళ్ళి రాశాను.
నాన్నని ఇంకా అరుగు మీద పడుకోబెట్టి ఉండగా
వెళ్ళి రాశాను.
ఎండల్లో కాలువ కట్టేసి
అడుగు నెర్రెలిచ్చి
నత్తగుల్లలూ తెగిన చెప్పూ ఎవరివో గాజులూ బయటపడ్డప్పుడూ
వెళ్ళి, వంగి చూసి,
సున్నా అని రాశాను.

మొదటి ఏడు రాయలేదు.
నీళ్ళే లేవు కదా అని గడి వదిలేస్తే
సూపర్‌వైజరు రాజారత్నం గారు పుస్తకం నా మీదకి విసిరారు.
"ఖాళీ అంటే నువ్వు రాలేదని.
సున్నా అంటే వచ్చి చూశావని."

ఆ మాట ఇన్నేళ్ళూ చెవిలోనే ఉండిపోయింది,
మోకాళ్ళ దాకా దిగలేదు.

ఇప్పుడు నాలుక్కి కాదు, నాలుగున్నరకి లేస్తున్నాను.
అయ్యగారికి చెప్పలేదు.
గంటసేపు కూడా కాదు, టీ కాగేంత సేపు.
వంటింటి గుమ్మం దగ్గర మడతేసిన గోనెసంచి,
దాని మీద నేను.
పెద్ద మాటలు రావు నాకు.
ప్రభువా, కృపావరాన్ని, వచ్చాను అంటాను,
బళ్ళో హాజరు పలికినట్టు.
పక్కింటి మరియదాసు పడిపోయిన కుడిచెయ్యి,
సీసా వదలని మా తమ్ముడు,
కౌలు బాకీ కూడా ముందే చెప్పేస్తున్నాను,
దాస్తే మధ్యలో వచ్చి అదే కూర్చుంటోంది.

కొన్ని రోజులు నీరు వస్తుంది.
ఎందుకో తెలీదు,
గుర్రపుడెక్క లాగేశాక కాలువ కదిలినట్టు
గొంతులో ఏదో కదిలి
మరిచిపోయిన పేర్లు కూడా తేలి వస్తాయి.
ఎక్కువ రోజులు రాదు.
గుమ్మం, గోనె, దోమ,
పెరట్లో మట్ట రాలిన చప్పుడు.
అంతే.

ఇది మే నెల. కాలువ కట్టేశారు.
పూడిక తీసేవాళ్ళు నడుం దాకా బురదలో దిగి
తట్టలు అందిస్తున్నారు.
నీళ్ళున్నప్పుడు ఈ పని కుదరదు.
గట్టు మీద నిలబడి చూస్తుంటే
ఏదో అర్థమైనట్టే అయింది,
ఇంతలో మేస్త్రీ కేకేశాడు, పోయింది.

ఇంటికొచ్చి పాత డైరీ ఒకటి వెతికి తీశాను.
సువార్తమ్మకి చూపు ఆనదు, పెన్ను చప్పుడు వింటుంది.
ఏం రాస్తున్నావు, అంది.
ఇవాళ్టి తేదీ.
పక్కన?
సున్నా.
"ఊఁ" అంది. కాసేపాగి,
రేపటి గడి కూడా గీసి ఉంచమంది.